శబ్దార్థాన్వేషి గిడుగు రామమూర్తి పంతులు

శ్రీకాకుళ పట్టణమును ఆనుకొనియున్న అరసవల్లి ఆంధ్రదేశమున సుప్రసిద్ధమైన సూర్యక్షేత్రము. రథసప్తమినాడు సూర్యనారాయణస్వామి నిజరూపదర్శనమునకై దూరప్రాంతములనుండి భక్తులు తరలివచ్చుచుందురు. ఈ క్షేత్రనామమునకు హర్షవల్లి యనునది మూలరూపమని భక్తులు చెప్పుదురు. రాజవాచకమైన అరసు శబ్దమును ఇందు చూచుటకును అవకాశము కలదు. రెండును వినుటకు ఇంపుగనే యున్నవి. కాని ధ్వనిసామ్యమొక్కటియే వ్యుత్పత్తికి ప్రమాణము కాజాలదు. ఒక గ్రామనామము ఏ కాలమున ఏ రూపమున వ్రాయబడినదో, ఆ ప్రాంతమువారి నోట ఎట్లు పలుకబడినదో పరిశీలించిన పిమ్మటనే మూలమును నిర్ణయింపవలయును.

స్వామి నామము విషయము వేరు. సూర్యశబ్దమునకు ఆధారమైన స్వర్ శబ్దమును, లాటినుభాషలోని సోల్ శబ్దమును, ఆంగ్లమునందలి సన్ శబ్దమును ఒకే ప్రాచీనమూలమునుండి వెలువడినవని తులనాత్మక భాషాశాస్త్రము నిరూపించినది. ఆంగ్లమునందు సన్ అనునదియు, సోలార్ అనునదియు రెండును గలవు. మొదటిది ఆ జాతివారికి పూర్వులనుండి సంక్రమించినది; రెండవది విద్వాంసులు లాటినునుండి తెచ్చుకొన్నది. ఒకే వంశమున పుట్టిన రెండు శబ్దములు వేర్వేరు త్రోవల వచ్చి ఒక భాషలో కలిసికొన్నవి. ఈ బంధుత్వము వినికిడిపోలికవలన తేలినది కాదు. వందలకొలది శబ్దములందు ధ్వనులు ఏ నియమమున మారినవో, ప్రాచీనగ్రంథములందు ఏ రూపములు గలవో సరిచూచుటవలన తేలినది.

శబ్దముల పుట్టుకకును, అర్థమునకును వ్యవహారమే ప్రమాణమను ఈ ఒక్క సూత్రమును నమ్మి జీవితమంతయు పనిచేసిన మహనీయుడు ఈ మండలముననే జన్మించెను. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులు. వ్యావహారికభాషోద్యమ నాయకుడుగా లోకము వారి నెరుగును. ఆ ఉద్యమమునకు పునాదియైన వారి శబ్దార్థవిచారము మాత్రము అంతగా పరామర్శింపబడుట లేదు.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, వంశధారాతీరమున ముఖలింగక్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు రెవిన్యూ ఉద్యోగి. ఆయన 1875లో విషజ్వరముచే మరణించుటతో బాలుడైన రామమూర్తి విజయనగరమున మేనమామగారింట చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనెను. గురజాడ అప్పారావుగారు అచట వారికి సహాధ్యాయి. ఆ బాల్యస్నేహము తరువాతి కాలమున తెలుగుభాషాచరిత్రమునే మార్చగలదని నాడు ఎవ్వరు నూహింపలేదు.

మెట్రిక్యులేషను ముగిసిన పిమ్మట 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయపదవి లభించినది. కుటుంబభారము మీదనుండుటచే కళాశాలకు పోయి చదువుటకు వీలు లేకపోయెను. ఉద్యోగము చేయుచునే ఇంటికడ చదివి, చరిత్రము ప్రధానవిషయముగా పట్టపరీక్షయందు ఉత్తీర్ణులైరి. పర్లాకిమిడి పాఠశాల కళాశాలగా పెరిగినపుడు అందును బోధించిరి. ఆ సంస్థలో సుమారు ముప్పది సంవత్సరములు పనిచేసి 1911లో విరమించిరి.

చరిత్రాభిమానము వారిని శాసనములకడకు నడిపించినది. ముఖలింగమున దేవాలయములపై శాసనములు విస్తారముగా గలవు. గురువెవ్వరును లేకయే పంతులుగారు ప్రాచీనలిపులను నేర్చి వాటిని చదువసాగిరి. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరమేది యను ప్రశ్న నాటి చారిత్రకులను బాధించుచుండెను. సముద్రతీరముననున్న కళింగపట్టణమే కళింగనగరమని ఫ్లీటు మున్నగువారు తలచిరి. పేరులోని పోలిక ఆ తలంపునకు బలము నిచ్చినది. పంతులుగారు శాసనస్థములైన ఆధారములను చూపి, ముఖలింగమును దానిచేరువ నగరకటకమును గల ప్రదేశమే కళింగనగరమని ప్రతిపాదించిరి. శకవర్షము 979, అనగా క్రీస్తుశకము 1057 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున ప్రకటించిరి. నామసామ్యము ఒక త్రోవ చూపగా, ప్రయోగము మరియొక త్రోవ చూపినది. వారు ప్రయోగము చూపిన త్రోవను పోయిరి.

పర్లాకిమిడికి చేరువ కొండలయందు సవరలు నివసింతురు. ఐతరేయబ్రాహ్మణమున ఆంధ్రులతోపాటు పేర్కొనబడిన శబరులు వీరి పూర్వులని పండితుల అభిప్రాయము. సంతలకు దిగివచ్చు సవరల మాట పంతులుగారి చెవిని పడినది. ఆ భాష తెలుగునకు గాని, ఒడియాకు గాని, సంస్కృతమునకు గాని చుట్టము కాదు. అది ముండా భాషలలో నొకటి. దాని దూరబంధువులు బర్మాదేశమున మోన్, కంబోడియాలో ఖ్మేర్ భాషలు. ఈ విషయము నాటి సామాన్యులకు తెలియదు. అది కొండవారి అపభ్రంశమని చాలమంది తలచుచుండిరి.

పంతులుగారు తెలుగు తెలిసిన ఒక సవరను తమ ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. దానికి లిపి లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. ఏ శబ్దమున కేమి అర్థమో తెలియవలెనన్న పలుకువానిని అడుగుట తప్ప వేరు మార్గము లేదు. వారు కొండలెక్కి గూడెములకు పోయి పాటలను, కథలను వినిరి. విన్నది విన్నట్లు వ్రాసికొనిరి. ఆ కొండలలో చలిజ్వరము బహుళము. దానికి విరుగుడుగా సేవించిన క్వినైను వారి వినికిడిని హరించినది. ధ్వనులను సేకరించుటకై పోయినవాడు చెవులను పోగొట్టుకొనెను. ఐనను పని మానలేదు.

నిఘంటుకారునికి మూలార్థములే కాక, పరస్పరసంబద్ధములైన శబ్దముల అర్థపరిమితులును తెలియవలెను. ఆంగ్లమున రైస్ అను ఒక్క మాట యున్నచోట తెలుగువానికి వరి, వడ్లు, బియ్యము, అన్నము అని నాలుగు మాటలు గలవు. రైస్ శబ్దము గ్రీకు ఒరుజా శబ్దమునుండి లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లమును చేరినది. అది తమిళ అరిశి శబ్దజన్యమని కాల్డువెల్ తలచెను. అది ఇరానీభాషలద్వారమున గ్రీకులకు చేరినదనియు, సంస్కృత వ్రీహిశబ్దమునకు జ్ఞాతియనియు తరువాతి పండితులు నిర్ణయించిరి. మూలమేదియైనను, నిఘంటువున రైస్ అను మాటకెదుట ఒక్క పదము వ్రాసి ఊరకుండుట సాధ్యము కాదు. పొలమున నున్నదా, గాదెలో నున్నదా, కుండలో నున్నదా యని అడుగవలెను.

సవరభాషలోని సంఖ్యలు ఇట్టి విచారమునకు మంచి ఉదాహరణము. ఆ భాషలో పండ్రెండువరకు వేర్వేరు నామములు గలవు. పదుమూడు అనుటకు పండ్రెండును ఒకటియు అందురు. ఇరువదినుండి లెక్క ఇరువదులమీద సాగును. ముప్పదిమూడు అనవలెనన్న ఇరువదియు, పండ్రెండును, ఒకటియు అందురు. ఇది అనాగరకుల లెక్కయని నవ్వుటకు వీలులేదు. ఆంగ్లమున లెవెన్, ట్వెల్వ్ శబ్దముల మూలమును చూచినచో, పదిపోగా ఒకటి మిగిలినది, పదిపోగా రెండు మిగిలినవి అను భావము వాటిలో దాగియున్నది. మిగులు, విడుచు అను అర్థముగల లీవ్ శబ్దము వాటికి జ్ఞాతి. అచటను పండ్రెండుతో ఒక వరుస ముగిసి, పదుమూడుతో మరియొక వరుస ప్రారంభమగును. ఇరువదికి ఆంగ్లమున స్కోర్ అను మరియొక పేరు గలదు. ఆ శబ్దమునకు తొలుత గంటు అని అర్థము. లెక్కకై కఱ్ఱపై గంటుపెట్టు ఆచారమునుండి అది సంఖ్యావాచకమైనది. కొండవాని లెక్కయు, ఆంగ్లేయుని లెక్కయు రెండును వ్యవహారమున పుట్టినవే.

సవరభాషయందలి సమాసప్రక్రియ సంస్కృతజ్ఞులకును విస్మయము గొలుపును. విడిగా నున్నపుడు నామమునకు ఒక రూపము, క్రియలో కలిసినపుడు పొట్టిదైన మరియొక రూపము ఉండును. పులికి విడిరూపము కినా, సమాసరూపము కిడ్. పట్టుకొనుట అను క్రియలో ఈ పొట్టిరూపమును, నిన్ను అను అర్థమిచ్చు ప్రత్యయమును చేర్చి, పులి నిన్ను పట్టును అను వాక్యమంతయు ఒక్క పదముగా పలుకుదురు. సంస్కృతమున ఉపపదసమాసములు కలవు గాని, కర్తయే క్రియలో లీనమగు పద్ధతి కానరాదు. ఇట్టి సూక్ష్మములు పంతులుగారి సోరభాషావ్యాకరణమునందు సోదాహరణముగా నిరూపింపబడినవి.

వారు ఈ విద్యను తమ కీర్తికై దాచుకొనలేదు. సవరబాలురకై స్వంతద్రవ్యముతో పాఠశాలలు పెట్టిరి. తెలుగులిపిలో సవరవాచకములను, కథలను, పాటలను కూర్చిరి. ప్రభుత్వము ఆ గ్రంథములకు పారితోషికము నీయ జూపగా, దానిని గ్రహింపక, ఆ ద్రవ్యముతో సవరలకు వారి భాషలోనే చదువు చెప్పు బడిని నడుపుమని కోరిరి. 1913లో రావుబహదూరు బిరుదము వచ్చినది. సోరభాషావ్యాకరణము 1931లోను, ఇంగ్లీషు-సోర నిఘంటువు 1933లోను, సోర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వముద్రణాలయమున వెలువడినవి. 1934లో కైజర్-ఎ-హింద్ పతకము లభించినది. కడపటి నిఘంటువు ప్రకటితమగునాటికి వారికి డెబ్బదియైదేండ్లు.

ఈ అనుభవము వారిని తెలుగువైపు మరలించినది. యేట్సుదొర ఉత్తరమండలముల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. ఆంగ్లమును వాడుకభాషగా మాటలాడించి నేర్పుచు, తెలుగును మాత్రము వాడుకకు దూరమైన భాషలో నేర్పుటకు కారణమేమని ఆయనకు సందేహము కలిగెను. పంతులుగారు, గురజాడవారు, విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను చేపట్టిరి.

ఆంగ్లభాషాచరిత్రము తెలిసినవారికి ఆ సందేహము సహజమే. ఆ భాషలో డీర్ అనగా పూర్వము ఏ మృగమైనను కావచ్చును. నేడు లేడి మాత్రమే. సంస్కృతమున మృగశబ్దమును అట్లే తొలుత అడవిజంతువులనెల్ల బోధించి, పిదప లేడియందు రూఢమైనది. దానికి తద్భవమైన మెకము మాత్రము తెలుగున జంతుసామాన్యార్థమును నిలుపుకొన్నది. ఆంగ్లమున సిల్లీ అనగా ఒకనాడు ధన్యుడు, పుణ్యాత్ముడు, నేడు తెలివిలేనివాడు. ఛందస్సు నధ్యయనము చేసిన ఛాందసునికి తెలుగున పట్టిన గతియు ఇట్టిదే. ఫ్రాజైల్, ఫ్రెయిల్ అను రెండును ఒకే లాటిను శబ్దమునకు రూపములు. మొదటిది గ్రంథములద్వారమున వచ్చినది, రెండవది ఫ్రెంచివారి నోట అరిగి వచ్చినది. మొదటిది పగులు వస్తువునకు, రెండవది కృశించిన మనిషికి చెల్లును. శ్రీశబ్దమును, సిరిశబ్దమును చూచినచో తత్సమతద్భవములకు ఇట్టి అర్థభేదము మనకును కొత్తగాదని తెలియును. భాష మారుట దోషము కాదు. మారిన భాషను మారలేదనుటయే దోషము.

పండితులలో పలువురు దీని నంగీకరింపలేదు. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున ఆంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికపక్షమును వహించినది. వాదము పాఠశాలలలోను, సభలలోను, పత్రికలలోను తీవ్రముగా సాగినది. 1915లో గురజాడవారు మరణించుటతో భారమంతయు రామమూర్తి పంతులుగారిపై పడినది. వారు ఊరూర తిరిగి, గ్రంథముల మోపుతో సభలకు పోయి, ప్రతిపక్షులు అసాధువులన్న రూపములను ప్రాచీనకవుల ప్రయోగములనుండియే చూపిరి. బాలకవిశరణ్యము, గద్యచింతామణి, ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము ఈ కృషిఫలములు. గ్రాంథికమున వ్రాయుచున్నామనువారు ఆ గ్రాంథికమునే తప్పులులేక వ్రాయలేకుండుటను కూడ అందు ఎత్తిచూపిరి. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానవ్యావహారికాంధ్రభాషాప్రవర్తకసమాజము ఏర్పడగా, కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులైరి; రామమూర్తి పంతులుగారు కార్యదర్శియైరి. అదే సంవత్సరమున తెలుగు అను పత్రికను నడిపిరి.

వారి ప్రతిపాదనము పాశ్చాత్యవిద్యాజన్యమనియు, సంప్రదాయవిరుద్ధమనియు నాడు పలువురు భావించిరి. సంప్రదాయమును చక్కగా పరిశీలించినచో అది నిలువదు. కుండ కావలసినవాడు కుమ్మరియింటికి పోవును గాని, మాట కావలసినవాడు వైయాకరణునియింటికి పోడని భావమునిచ్చు దృష్టాంతము మహాభాష్యమున పస్పశాహ్నికమునందే కలదు. పూర్వమీమాంసలో పికనేమాధికరణము ఇంతకంటెను స్పష్టము. పిక, నేమ, సత, తామరస శబ్దములు వేదమున కనబడుచున్నవి. ఆర్యులలో వాటికి వాడుక లేదు. నిరుక్తవ్యాకరణములచే ధాతువును కల్పించి అర్థము చెప్పవలెనా, లేక వాడుక గల మ్లేచ్ఛుల నడుగవలెనా యని విచారము. వాడువారి అర్థమునే గ్రహింపవలెనని శబరస్వామి సిద్ధాంతము. పికమనగా కోకిల, నేమమనగా సగము, తామరసమనగా పద్మము, సతమనగా నూరుచిల్లుల దారుపాత్ర. ఈ సందర్భముననే కుమారిలభట్టు, ద్రావిడభాషాశబ్దములకు బలవంతముగా సంస్కృతరూపమును కల్పించువారి నధిక్షేపించెను. అన్నమును చెప్పు చోర్ శబ్దమును చోరశబ్దముగను, పామును చెప్పు పాంప్ శబ్దమును పాపశబ్దముగను మార్చుట ఎట్టి అనర్థమో ఆయన చూపెను.

శబరస్వామి నామమునకును సవరజాతికిని సంబంధమును కల్పింపనక్కరలేదు. నామసామ్యము ప్రమాణము కాదనుటయే ఇచట విషయము. కాని మీమాంసకులు వేదార్థనిర్ణయమునకై చెప్పిన న్యాయమును, పంతులుగారు గూడెములలో, శాసనములలో, తెలుగుబడులలో ఆచరించి చూపిరనుట యథార్థము. మ్లేచ్ఛప్రసిద్ధినైనను వేదవ్యాఖ్యానమునకు ప్రమాణముగా గ్రహించిన సంప్రదాయమునకు, తెలుగువారి వాడుకను తెలుగునకు ప్రమాణముగా గ్రహించుట వెగటు కాగూడదు. నాటి వాదమున పాఠశాలాపండితులు ఈ అధికరణమును జ్ఞప్తికి తెచ్చుకొనియున్నచో, అంత వైరము పెరిగియుండెడిది కాదు. పంతులుగారును ప్రాచీనవాఙ్మయమును విడువుమని చెప్పలేదు. ప్రాచీనభాషను ప్రాచీనభాషగా శ్రద్ధతో చదువవలెననియు, నేటి వ్రాతకు నేటి శిష్టవ్యవహారము చాలుననియు వారి మతము. వారు నిరసించినది గ్రాంథికమును కాదు, నిర్బంధమును.

1933లో రాజమహేంద్రవరమున సప్తతిపూర్తిసందర్భమున వారికి ఘనసమ్మానము జరిగినది. 1936లో ఒడిశా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడి పర్లాకిమిడి అందు చేరెను. ఆ ఏర్పాటును తీవ్రముగా వ్యతిరేకించిన పంతులుగారు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి. ముదిమిలో ఇల్లు కదలినను నిఘంటువు పని కదలలేదు. రెండేండ్లకే అది అచ్చయినది. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన మద్రాసులో వారు పరమపదించిరి. కుమారులు సీతాపతిగారు సవరభాషాసేవను కొనసాగించిరి.

పంతులుగారు పోయిన పిమ్మట పత్రికలును, పాఠ్యగ్రంథములును క్రమముగా శిష్టవ్యావహారికమును గ్రహించినవి. వారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగుభాషాదినోత్సవమైనది. ముండాభాషాపరిశోధకులు వారి వ్యాకరణమును, నిఘంటువులను మూలగ్రంథములుగా స్వీకరించిరి. కాని వారి అసలైన ఉపదేశము ఉత్సవములకంటె కష్టమైనది. ఒక శబ్దమును చూచినంతనే అర్థమును ఊహింపక, దానిని వాడువానికడకు పోయి అడుగుట. ఒక పేరును విన్నంతనే మూలమును కల్పింపక, కాలక్రమమున దాని రూపములను వెదకుట. తెలిసినదానిని, అది ఎవరినుండి తెలిసినదో వారి బిడ్డలకే తిరిగి చదువుగా నిచ్చుట. వంశధారాతీరమున పుట్టిన ఆ మహనీయుడు ఈ మూడింటిని ఆచరించి చూపెను. అరసవల్లి మొదలుకొని ఈ మండలమునందలి ప్రతి గ్రామనామమును, ప్రతి కొండభాషాశబ్దమును అట్టి పరిశోధకుల కొఱకు వేచియున్నవి.